కప్పు కింద అవ్వ

కోడి కాళ్లు కట్టి ఇసుక కుప్ప పక్కన పడేశారు.

అది చూసి సంఘపెద్ద మారెన్న అదిరిపడ్డాడు. "ఏమప్పా అయ్యన్నా, చర్చి కాడ కోడేంది?"

"స్లాబు పోసేది గదా మారెన్నా! రక్తం చూపించందే నా మనుషులు తట్ట ఎత్తరు. లేకుంటే కప్పు మనిషిని అడుగుతాదంట," అన్నాడు బేల్దారి మేస్త్రి అయ్యన్న.

2005 వేసవి. బనగానపల్లె దగ్గరి ఆ ఊళ్లో అన్నీ నాపబండల మిద్దెలే. చుట్టుపక్కల ఏడూళ్లలో స్లాబు వేస్తున్న మొదటి చర్చి తమదే. ఆ సంబరంతో మారెన్నకు వారం రోజులుగా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఇప్పుడు చూస్తే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చి నిలబడింది. సిమెంటు మూటలు విప్పేశారు. కూలీలేమో చేతులు కట్టుకుని నిలుచున్నారు.

మారెన్న బుర్ర గోక్కున్నాడు. అంతలోనే ముఖం వెలిగింది.

"ఒక పని జేద్దామప్పా. యేసయ్య పేరు మీద కోద్దాం. నేను ప్రార్థన చేస్తా, నువ్వు కొయ్యి. మీకూ సరిపాయ, మాకూ సరిపాయ."

ఆహా, ఏం తెలివి! సంఘమంతా తలలూపింది.

"అయ్యయ్యో, ఆ మాట అనాకప్పా!"

కూలీల్లోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. అవుకు వైపు నుంచి ట్రాక్టరులో వచ్చిన గుంపు మనిషి.

"ఆయన రక్తం చాల్లేదని ఆయన పేరు మీదనే చెప్తావా?"

మారెన్న ముఖం మాడిపోయింది. "నాకు వాక్యం చెప్పేదానికి నువ్వెవరవ్వా? ఇరవై ఏండ్లుగా సంఘపెద్దను!"

"నేనూ నమ్ముకున్నదాన్నేనప్పా. అయ్యన్న తన నమ్మకం తాను చెప్పినాడు, ఆయప్పను నేను తప్పు పట్టను. నువ్వు రెండూ కలిపి కలగూరగంప చేస్తాండావే, దానికి నా కడుపు మండుతాండాది."

"మరి కప్పు కూలితేనో?" అయ్యన్న అడిగాడు.

"కప్పు అడిగేది రక్తం కాదు నాయనా, నీళ్లు. ఇరవై ఒక్క దినాలు తడపాల. అందాకా కప్పు కింద పోటు పెట్టిన ఒక్క కర్ర పీకగూడదు. నీళ్లు నేను పోస్తా."

"కర్రలు పీకేనాడు కింద ఎవురుంటారు?" వెనక నుంచి ఎవరో ఎగతాళిగా అరిచారు.

"నేను కూసుంటా."

అయ్యన్న ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత వంగి కోడి కట్లు విప్పాడు. అది బతుకు జీవుడా అని పరుగెత్తింది.

"అవ్వకున్న ధైర్యం మనకు లేకపాయనా? ఎత్తండ్రా తట్టలు!"

సాయంత్రానికి స్లాబు పూర్తయింది. గుంపు వెళ్లిపోయింది. ముసలామె ఉండిపోయింది.

ఊరి బోరు ఎండిపోయింది. అర కిలోమీటరు అవతల చేని బోరు నుంచి బిందె మీద బిందె మోసింది. కప్పు మీద మట్టి గట్లు కట్టి, తడి ఆరకుండా చూసుకుంది. ఆ ఎండలో కుర్రవాళ్లే బయటికి రావడానికి జంకుతుంటే ఆమె నిచ్చెన ఎక్కుతూనే ఉంది.

మారెన్న రెండు పూటలా సంగటి పంపించాడు. పేరు మాత్రం అడగలేదు.

పదో రోజున ఆయనకు తొందర పుట్టింది. "చాల్లే అవ్వా, గట్టిపడింది. కర్రలు పీకేస్తే గోడలకు గిలాబు పూత మొదలుపెట్టుకుంటాం."

ఆమె వాకిలికి అడ్డంగా పడుకుంది. "నన్ను తొక్కుకుంటా పోయి పీకండి."

"మొండి ముసల్ది!" అని గొణుక్కుంటూ మారెన్న వెనక్కి తిరిగాడు.

ఇరవై రెండో రోజు ఊరంతా చేరింది. ఆమె లోపలికి నడిచి, సరిగ్గా నడిమధ్యన కూర్చుని పాట అందుకుంది.

ఒక్కొక్క కర్రే ఊడుతోంది. బయట ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అయ్యన్న ఒక్కో కర్రకూ ఆగి పైకి చూస్తున్నాడు. ఆమె పాట మాత్రం ఆగలేదు.

చివరి కర్ర ఊడింది. కప్పు నుంచి ఇసుక రవ్వ కూడా రాలలేదు.

"చూసినారా మా చర్చి!" మారెన్న రొమ్ము విరుచుకుని అరిచాడు. "కోడి లేదు, కొబ్బరికాయ లేదు! రాయి మాదిరి నిలబడింది!"

ఒకటే చప్పట్లు, కేకలు. ఆ సందడిలో ఆమె తట్ట తీసుకుని అవుకు బస్సెక్కిన సంగతి ఎవరూ గమనించలేదు.

ఆ రాత్రి మారెన్నకు అన్నం సహించలేదు. మర్నాడు ప్రార్థనలో సంఘం ముందు నిలబడి, "నాకు బుద్ధి చెప్పిన మనిషిని నేను కసిరినా. ప్రతిష్ఠ నాడు మన వాకిలి తెరిచేది ఆ అవ్వే," అన్నాడు. కొత్త చీర కొని, పిలుచుకు రమ్మని అయ్యన్నను పంపాడు.

అయ్యన్న చీరతోనే తిరిగొచ్చాడు.

"యాడప్పా అవ్వ?"

"ఇంటికి బీగం. బళ్లారి పక్క పనికి పోయిందంట. యాడుండాదో, ఎప్పుడొస్తాదో ఎవురికీ తెల్దు."

"పేరన్నా తెలిసెనా?"

"రాహేలమ్మ." ఆ పేరును అయ్యన్న సొంత తల్లి పేరు చెప్పినంత గొప్పగా చెప్పాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇంగోటి గూడా తెలిసె మారెన్నా. మూడేండ్ల కిందట, పొట్టేలును కోసి స్లాబు పోసిన మిద్దెకు తొమ్మిదో దినమే కర్రలు పీకబోయి, ఆ కప్పు కిందనే నలిగి చచ్చిపోయిన బేల్దారి ఆయమ్మ మొగుడంట."