బరువున్న మాట

"నలుగురిలో నన్ను బావా అని పిలవకు," అన్నాడు టైలరు పళ్ళు బిగబట్టి.

మున్సిపల్ హాలు గుమ్మం దగ్గర, పసిదాన్ని చంకనేసుకుని అతని మోచెయ్యి పట్టుకున్న బావమరిది ఠక్కున వదిలేశాడు.

"సరే, పిలవను. లోపల ఇవాళ నువ్వూ మాట్లాడతావట కదా. ఆ గోడౌను గదుల గురించి ఒక్క ముక్క చెప్పు చాలు. పసిదానికి దగ్గు తగ్గట్లేదు. నీ షాపులో కటింగు బల్ల కింద దాన్ని ఎన్నాళ్ళని పడుకోబెడతాం?"

"చూద్దాంలే. ముందు వెళ్ళి కూర్చో. మీ అక్క పక్కన కాదు, ఇంకా వెనక్కి."

లోపల పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. వేదిక మీద పైనుంచి వచ్చిన అధికారిణి కూర్చుని ఉంది. పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళని ఊళ్ళో ఎలా కలుపుకోవాలో ప్రభుత్వం ఒక విధానం రాస్తోందట. రాసేముందు జనం మాట వినాలట. పెద్ద పెద్ద మాటలు పక్కన పెడితే, ఈ వార్డులో తేలాల్సింది ఒక్కటే: మూతబడ్డ గోడౌనుని గదులుగా మార్చి కూలీల కుటుంబాలకి ఇవ్వాలా, వద్దా?

"ఇచ్చారనుకోండి, రేపు నెత్తికెక్కి కూర్చుంటారు!" అన్నాడు కిరాణా కొట్టాయన.

"ఇప్పుడు అందులో ఎలుకలు కాపురం చేస్తున్నాయిగా, అవి నీ నెత్తికెక్కాయా?" అంది రిటైరైన పంతులమ్మ, లేచి నిలబడకుండానే.

"అవి నా కొట్టుకే వస్తున్నాయమ్మా!"

హాలంతా నవ్వు. ఒకళ్ళు ఇమ్మంటారు, ఇంకొకళ్ళు వద్దంటారు. ఎటూ తెగడం లేదు.

టైలరు ముందు వరసలో కూర్చున్నాడు. ఆ వరసలోని పొట్టలన్నిటికీ కొలతలు తీసింది అతనే గానీ, వాటి పక్కన కుర్చీ దొరకడం మాత్రం ఇదే మొదలు. సొంత షాపు ఉంది, సొంత కరెంటు మీటరు ఉంది. ఊరివాడు అనిపించుకోవడానికి ఇంకేం కావాలి? ఈ కుర్చీ ఒక్కటే తక్కువ. అదీ వచ్చింది.

వార్డు సంఘం అధ్యక్షుడు అతని చెవి దగ్గరికి వంగాడు. "టైలరు గారూ, మిమ్మల్ని కావాలనే చివరికి ఉంచాం. మేం ఎంత గొంతు చించుకున్నా ఒకటే. మీరు చెప్పారనుకోండి, ఆ మాటకి బరువుంటుంది."

గారట! ఎప్పుడూ "ఒరే టైలరూ" అనే మనిషి. టైలరు ఒళ్ళు పొంగిపోయింది.

మైకు చేతికొచ్చింది. మెత్తగా ఏదో చెప్పి తప్పుకుందామనే లేచాడు. చిన్నపిల్లలున్న వాళ్ళకైనా ఇవ్వండి అనాలనుకున్నాడు. నోరు తెరిచేలోపే కిరాణా కొట్టాయన అందుకున్నాడు.

"అవునూ, మీ షాపులో రాత్రిళ్ళు ఎవరో పడుకుంటున్నారే. చుట్టాలా?"

ముందు వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఛ, చుట్టాలేంటండీ! ఎవరో దిక్కులేనివాళ్ళు. పోనీలే అని ఓ మూల ఉండనిచ్చా. నా తల ప్రాణం తోకకొచ్చింది."

ముందు వరస ఇకిలించింది. ఆ నవ్వుతో అతని నోటికి అదుపు లేకుండా పోయింది.

"వీళ్ళకి శుభ్రం తెలీదు మేడం. ఒకడికి గదిస్తే పదిమంది దిగుతారు. ఇవాళ గది అంటారు, రేపు కుళాయి అంటారు, ఎల్లుండి ఓటు అంటారు. కష్టపడి పైకి రావాలనేమీ ఉండదు. దగ్గరుండి చూస్తున్నా కాబట్టి చెబుతున్నా. ఇవ్వొద్దు!"

చప్పట్లు మోగాయి. వాటి మధ్య వెనకనుంచి పసిపిల్ల దగ్గు వినబడింది. టైలరు అటు చూడలేదు. చూడకపోయినా, అతని భార్య లేచి, తమ్ముడి చేతుల్లోంచి పిల్లని తీసుకుని బయటికి వెళ్ళడం ఓరకంట కనబడనే కనబడింది. భుజం తట్టిన అధ్యక్షుడి చెయ్యి నిప్పులా తగిలింది. కూర్చున్నాడు. నాలుకని కత్తెరతో కత్తిరించి పారేయాలనిపించింది.

అధికారిణి గొంతు సవరించుకుంది. "వార్డువాళ్ళు సగం ఇమ్మంటున్నారు, సగం వద్దంటున్నారు. మా పద్ధతి ప్రకారం రెండో వైపు నుంచి కూడా ఒకరి మాట వినాలి. గదులు ఎవరికోసమో వాళ్ళు ఏమంటారో, దాన్నిబట్టే పైకి చెబుతాను. బయటినుంచి వచ్చినవాళ్ళ తరఫున ఒకరెవరైనా మాట్లాడాలి."

టైలరుకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. బావమరిది సగం లేచి, లేవనా వద్దా అన్నట్టు చెయ్యెత్తుతున్నాడు. లేవరా, చెప్పు, బిడ్డ దగ్గు సంగతి చెప్పు, అని లోలోపలే బతిమాలుకున్నాడు టైలరు. వాడు చెబితే గదీ వస్తుంది, తన కుర్చీ తనకుంటుంది. ఎవరికీ ఏమీ పోదు.

అధ్యక్షుడు చటుక్కున లేచి టైలరు భుజమ్మీద చెయ్యేశాడు.

"ఇంకెవరో ఎందుకు మేడం? మా వార్డుకి బయటినుంచి వచ్చినవాళ్ళలో మాకు తెలిసిన మనిషి ఈయనే. వాళ్ళ తరఫున మాట్లాడటానికే పిలిచాం. చెప్పేశారుగా!"