ముందుగదిలో మంచం

“నేను ఒప్పుకోలేదంటే ఒప్పుకోలేదు!” అన్నాడు కరెంటు మేస్త్రీ, మూడోసారి.

“ఒప్పుకున్నారు,” అంది భార్య నిమ్మళంగా, అదీ మూడోసారే.

ముందుగదిలో వైర్ల చుట్టలూ, స్విచ్చుబోర్డులూ, డ్రిల్లు మిషనూ ఉండాల్సిన చోట ఇప్పుడు మడతమంచం ఉంది. దాని మీద ఉతికిన దుప్పటి, పక్కన గోడకి ఆనించిన చేతికర్ర. ఆయన సరంజామా అంతా అట్టపెట్టెల్లోకి ఎక్కి వరండాలో కూర్చుంది. ఏ పెట్టెలో ఏముందో పైన రాసి మరీ పెట్టింది మహాతల్లి.

“ఎప్పుడు ఒప్పుకున్నాను? ఎవరి ముందు ఒప్పుకున్నాను?”

“వీళ్లిద్దరి ముందే. మీ నోటితోనే.”

సిటీబస్సు నడిపి వచ్చి కాళ్లు చాపుకున్న కొడుకు తల అడ్డంగా ఊపాడు. “నాకేం తెలీదు నాన్నా.”

“నేనూ వినలేదు మామయ్యా,” అంది కోడలు.

“మూడు వారాలుగా రోజూ చెబుతూనే ఉన్నాను,” అందావిడ. “మీ తమ్ముడు నిచ్చెన మీంచి పడ్డ మర్నాటి నుంచీ.”

తమ్ముడనే మాట చెవిన పడగానే మేస్త్రీకి ఒళ్లు మండింది. పదకొండేళ్ల కిందట ఇద్దరూ కలిసి ఒక బడికి వైరింగు చేస్తున్నప్పుడు, “మా అన్నకి ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ తేడా తెలీదు సార్” అన్నాడు వాడు, హెడ్మాస్టరు ముందే. ఊరందరి ఇళ్లలో తెగినవన్నీ అతికే అన్నదమ్ములకి, ఆ పూట తెగిన మాట మాత్రం అతకలేదు. ఇప్పుడు వాడికి తుంటి విరిగింది. పెళ్లీ పెటాకులూ లేని ఒంటికాయ సొంఠికొమ్ము. ఉండేది మూడో అంతస్తులో. రేపు ఆస్పత్రి నుంచి పంపేస్తారట, మెట్లెక్కకూడదట. అయితే తనకేం?

“వాడు నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు.”

“మాట ఇచ్చి వెనక్కి పోకూడదండీ.”

“ఇవ్వని మాటకి ముందేమిటి, వెనకేమిటి!”

ఆవిడ చిన్నగా నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది. పోట్లాటలో నవ్వే మనిషి కాదు ఆవిడ. కొడుకు తండ్రి పక్కకి జరిగాడు.

“నాన్నా, అమ్మ అబద్ధం ఆడదు. నిజంగానే చెప్పాననుకుంటోంది. నాకేదో అనుమానంగా ఉంది.”

“మొన్న అత్తయ్య పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు,” అంది కోడలు గొంతు తగ్గించి. “నిన్న కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికారు. మా మందుల షాపుకి వచ్చేవాళ్లు చెబుతుంటారు మామయ్యా, మొదట్లో ఇలాగే ఉంటుందట. జరగనివి జరిగాయంటారట.”

మేస్త్రీ వంటింటి వైపు చూశాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

కొడుకు వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. “అమ్మా, ఇవాళ ఏ వారం?”

“ఆదివారం. పొద్దున చర్చిలో నువ్వు గురకపెట్టిన వారం.”

“ముప్పైమూడులోంచి ఏడు తీస్తే?”

“నీ వీపు పగులుతుంది. గంట ఏడయింది, రండి ప్రార్థనకి.”

ఆ ఇంట్లో భోజనానికి ముందు చాప వేయాల్సిందే. ఎంత పోట్లాటైనా చాప అంచు దగ్గర ఆగాల్సిందే. నలుగురూ కూర్చున్నారు. ఆవిడ తలమీద కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంది. కోడలు ఫోను మోకాలి కింద దాచింది. కొడుకు కళ్లు మూసుకున్నాడంటే అది దేవుడి కోసమో నిద్ర కోసమో దేవుడికే తెలియాలి.

“ప్రేమగల తండ్రీ...”

ముప్పైరెండేళ్లుగా వింటున్న గొంతు. పైన తిరిగే ఫ్యాను చప్పుడులా, ఉన్నట్టే తెలియదు. ఆ పావుగంటా మామూలుగా మేస్త్రీ మనసు మర్నాటి పని చుట్టూ తిరుగుతుంది. ఇవాళ మాత్రం భార్య చుట్టూ తిరిగింది. ఈవిడకి మతి తప్పితే? రేపొక రోజు తన మొహం చూసి ‘మీరెవరండీ’ అని అడిగితే?

“...మెట్లెక్కలేని బిడ్డ, తండ్రీ...”

తలకి సంబంధించిన డాక్టరు ఆ పెద్దాస్పత్రిలోనే ఉంటాడు. రేపు పొద్దున్నే తీసుకెళ్లాలి. అక్కడ తమ్ముడు ఎదురైతే? ఎదురైతే కానియ్యి, మొహం తిప్పుకుంటే సరి. తీసుకెళ్లి తీరాలి.

“...పదిగంటలకల్లా... ఆయన చేతుల మీదుగానే జరగనివ్వు...”

ఏళ్ల తరవాత మొదటిసారి ఆయన తనంతట తాను ఒకటి అడిగాడు, లోలోపలే. ‘ప్రభువా, దీని మతి చెడనివ్వకు. దానికి బదులు నువ్వేం చెయ్యమన్నా చేస్తాను.’

ఫ్యాను చప్పుడు ఆగినట్టు గొంతు ఆగింది.

“ఆమెన్!” అన్నాడు మేస్త్రీ. పాస్టరుగారు ‘మీరుంటే మైకు అక్కర్లేదు’ అనే గొంతు అది.

కళ్లు తుడుచుకుని, భార్య వైపు తిరిగి మెత్తగా అన్నాడు. “రేపు పనికి వెళ్లను. మనిద్దరం ఆస్పత్రికి వెళ్దాం.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. చాప చుట్టి మూలన నిలబెట్టి, కొడుకునీ కోడలినీ చూసి నెమ్మదిగా చెప్పింది.

“విన్నారుగా. రేపు పదింటికి నాన్నే వెళ్లి బాబాయిని తీసుకొస్తున్నారు. ముందుగది ఆయనకి.”

కొడుకూ కోడలూ మొహాలు చూసుకున్నారు. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

“మళ్లీ అదే మాట! నేనెప్పుడు ఒప్పుకున్నానే?”

“ఇప్పుడు కూడా అందరికంటే గట్టిగా ‘ఆమెన్’ అన్నది మీరే కదండీ!”