మొదటి పళ్లెం

వదిన కుండ మూత తీసిందో లేదో, పెద్దాయన అప్పుడే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"వచ్చావా తాతా. పచ్చ జెండా నీకోసమే ఎగరేస్తారేమో," అంది వదిన.

రేవు జనంలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వదినే. మొగుడు పాయలో మునిగి ఆల్చిప్పలు ఏరుకొస్తాడు. ఆవిడ గట్టు మీదే ఉడకబెట్టి పళ్లేల్లో అమ్ముతుంది.

ఏటా కొన్నాళ్లు ఆ నీళ్లలో విషం పుడుతుంది. అది చిప్పల్లోకి చేరుతుంది, ఉడికించినా పోదు. అప్పుడు మత్స్యశాఖ వాళ్లు రేవు స్తంభానికి ఎర్ర జెండా కట్టి అమ్మకం ఆపేస్తారు. నమూనాలు పరీక్షించి, అంతా బాగుందని అధికారి సంతకం పెడితే పచ్చ జెండా ఎక్కుతుంది. ఎర్ర జెండా ఉన్నన్నాళ్లూ వదిన ఇంట్లో పొయ్యి వెలగడం అంతంతమాత్రమే.

ఆ అధికారిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. అలాగని తిట్టడంలో ఏ లోటూ చెయ్యలేదు.

"చల్లటి గదిలో కూర్చుని సంతకాలు పెట్టేవాడికి మా ఆకలేం తెలుస్తుంది తాతా? వాడు ఒక్క చిప్పైనా నోట్లో పెట్టుకున్న పాపాన పోయాడా?"

పెద్దాయన నవ్వాడు. "ముందు నాకో పళ్లెం పెట్టమ్మా."

ఈయనతో ఎప్పుడూ ఇదే తంటా. పచ్చ జెండా ఎక్కిన రోజే వస్తాడు, మళ్లీ కనిపించడు. మొదటి పళ్లెం తనకే కావాలి. మంచివి ఏరి పెడతానంటే ఒప్పుకోడు, గరిటెకి ఏవి వస్తే అవే పెట్టమంటాడు. తిన్నాక లేవడు. వేలితో పెదాలు తడుముకుంటూ కూర్చుంటాడు. తను లేచేదాకా ఇంకెవరికీ పెట్టొద్దని బతిమాలతాడు. ముసలి చాదస్తమని వదిన పోనిచ్చేది.

ఆవేళ వదిన కూతురు ఆకలికి ఆగలేక పళ్లెంలో చెయ్యి పెట్టింది. పెద్దాయన ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు తల్లీ. ముందు నేను."

వదినకి ఒళ్లు మండింది. "పసిదాని నోటి దగ్గరది లాక్కుంటావేం తాతా? ఈ వయసులో ఏం కక్కుర్తి ఇది?"

ఆయన పళ్లెం ఖాళీ చేసి, పెదాల మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

జనం గుమిగూడారు. "పెడతావా, పొమ్మంటావా వదినా?" అని ఎవరో విసుక్కున్నారు. ఎన్నాళ్లకో వచ్చిన బేరం. వదిన ఇక ఆగలేక గరిటె అందుకుంది.

పెద్దాయన పెదాలు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. ఉన్నట్టుండి లేచి ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది, ఎవరికీ అర్థం కాలేదు.

"పొద్దున్నే పట్టించినట్టున్నాడు," అన్నారెవరో. అందరూ నవ్వారు.

పిల్ల ఒక చిప్ప నోటి దాకా తెచ్చుకుంది. పెద్దాయన తూలుకుంటూ వచ్చి దాన్ని ఎగరగొట్టాడు. జనం చేతుల్లోని పళ్లేలు లాగి పారేశాడు. కుండని రెండు చేతులా గట్టు మీంచి నీళ్లలోకి తోసేశాడు.

వదిన చెయ్యెత్తింది. ముసలివాడని దించుకుంది. నోరు మాత్రం దించుకోలేదు.

"తాగుబోతు సచ్చినోడా, నీ మొహం మళ్లీ ఈ రేవులో చూపించకు."

హమాలీలు ఆయన్ని రెక్కలు పట్టుకుని గేటు బయటికి గెంటేశారు. ఆయన గోడ పట్టుకుని నిలబడి, మత్స్యశాఖ ఆఫీసు వైపు నడిచాడు.

కాసేపటికి స్తంభం మీద పచ్చ జెండా దిగింది. ఎర్రది ఎక్కింది.

"ఒక్క పూటలో ఇద్దరు నా నోట్లో మట్టి కొట్టారు," అని వదిన కూలబడి ఏడ్చింది. "ఆ తాగుబోతొకడు, ఆ సంతకం వాడొకడు."

మళ్లీ పచ్చ జెండా ఎక్కేసరికి వానలు వెళ్లిపోయాయి. వదిన కొత్త కుండ పెట్టింది. పెట్టిందే గానీ, మూత తీశాక చూపు బల్ల మీదికే పోయింది. తిట్టి పంపిన మనిషి రాలేదని తనకెందుకు దిగులో ఆవిడకే తెలియలేదు.

బల్ల మీద మత్స్యశాఖ అమ్మాయి కూర్చుంది. పాయలోంచి నమూనాలు తీసుకెళ్లే పిల్ల, వదిన ఎరిగిన మనిషే.

"మొదటి పళ్లెం నాకు పెట్టక్కా. ఏరకు."

వదిన గరిటె ఆగిపోయింది. "ఇదేంటి, తాతలాగే మాట్లాడుతున్నావ్?"

"ఆయన దగ్గర నేర్చుకున్నదే అక్కా. పరీక్షకి వెళ్లిన చిప్ప మంచిదైనా, దాని పక్క చిప్ప మంచిదవ్వాలని లేదు అనేవారు. ఆ విషం ముందు పెదాలకి తిమ్మిరి తెస్తుంది. తర్వాత నాలుక మొద్దుబారుతుంది. ఆ తర్వాత ఊపిరి."

వదిన కూతురి వంక చూసింది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

"ఆయనెలా ఉన్నాడు?"

"లేరక్కా. ఆ రోజు ఆఫీసుకొచ్చి, మాట రాక జెండా వైపు చెయ్యి చూపించారు. ఎర్రది ఎక్కడం కళ్లారా చూసేదాకా ఆసుపత్రికి కదల్లేదు."

వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతలోనే ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"అంత పెద్దాయన చేత విషం తినిపించి, మీ సంతకాలవాడు మాత్రం గదిలో చల్లగా కూర్చున్నాడన్నమాట."

ఆ అమ్మాయి పళ్లెంలోకి చూస్తూ నెమ్మదిగా అంది.

"ఆ సంతకం ఆయనదే అక్కా."