ఉప్పుగాలికి మూడో సర్వరు

మా నాగాయలంక ఉప్పుగాలికి ఎదురు నిలిచే ఇనుము ఇంకా పుట్టలేదు. ఒకాయన రాత్రి సైకిలును అరుగుకు ఆనించి పడుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే గంట, సీటు మిగిలాయి. మిగతాదంతా గాలి తినేసింది. గంట ఇత్తడిది కనక బతికింది.

అలాంటి ఊళ్ళో కంప్యూటర్లను కాపాడే ఉద్యోగం శామ్యూల్ రాజ్‌ది.

శివరామయ్య గారి రొయ్యల మేత కంపెనీలో ఒక చిన్న గది, అందులో ఒక పెద్ద సర్వరు. చూడటానికి ఒకటే. లోపల మాత్రం నాలుగు కంప్యూటర్లు, ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లలో అద్దెకున్నట్టు, వేరువేరుగా కాపురం చేస్తుంటాయి. బిల్లులొకటి, గోడౌనొకటి, చెరువు నీళ్ళ పరీక్షలొకటి, ఉత్తర ప్రత్యుత్తరాలొకటి. రెండువేల తొమ్మిదిలో అది కొత్త పద్ధతి. సుఖమే. కాని ఇల్లు కూలితే నాలుగు కాపురాలూ ఒకేసారి రోడ్డున పడతాయి.

అప్పటికే రెండుసార్లు పడ్డాయి.

మొదటి మిషను ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. రెండోది అంతకన్నా తొందరపడింది. ఫ్యాను తిరగదు, ఒళ్ళు కాలిపోతుంది, ఉన్నట్టుండి చచ్చిపోతుంది. మూత తీస్తే గ్యారంటీ పోతుందని శామ్యూల్ చెయ్యి పెట్టలేదు. బెజవాడ పంపిస్తే అమ్మినాయన ఫోను చేశాడు. లోపలంతా జిగటగా ఉందన్నాడు.

"మీ ఊరి గాలండీ అది. మేమేం చేస్తాం?"

ఊళ్ళో ఎవరికీ ఆ మాట కొత్తగా అనిపించలేదు.

రెండోసారి ఆగినప్పుడు ఒక రైతు చెరువు నీళ్ళ పరీక్ష ఫలితం అందులోనే ఇరుక్కుపోయింది. అది బయటికొచ్చేలోగా రొయ్యలు తేలిపోయాయి. ఆ రైతు వచ్చి కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే శివరామయ్య గారికి కొంచెం తేలికగా ఉండేది.

"సామేలూ, ఈసారి నువ్వే చూసి తీసుకురా," అన్నారాయన. "ఇదీ పోతే మాత్రం నీ దారి నువ్వు చూసుకోవాలయ్యా."

శామ్యూల్ భార్య గ్రేస్‌కు ఊళ్ళో బడిలో టీచరుద్యోగం ఈ మధ్యనే ఖాయమైంది. ఇక్కడ పని పోతే అతను హైదరాబాదు బస్సెక్కాలి, ఆమె ఇక్కడే ఉండాలి.

అతను గుడివాడ తిరిగాడు, బెజవాడ తిరిగాడు. ఒకడు ఇంకా పెద్ద సర్వరు ఒకటి చాలన్నాడు. ఇంకొకడు రెండు సర్వర్లు పెట్టి, సమాచారమంతా దాచడానికి గాదెలాంటి స్టోరేజి పెట్టె విడిగా పెట్టమన్నాడు. ఒక సర్వరు పడిపోతే రెండోది ఆ నాలుగు కాపురాలనూ తన పంచన చేర్చుకుంటుంది. శామ్యూల్‌కు అది నచ్చింది.

"బాగానే ఉంది. రెండూ పీల్చేది ఒకటే గాలి కదయ్యా?" అన్నారు శివరామయ్య గారు.

పోనీ మిషన్లను గుడివాడలో ఉంచి ఇక్కడికి లైను లాగుదామన్నాడు శామ్యూల్.

"గేదెను గుడివాడలో కట్టేసి ఇక్కడ కూర్చుని పాలు పితుకుతానంటావు."

చివరికి రెండు సర్వర్లు, స్టోరేజి పెట్టె నాగాయలంకకే వచ్చాయి. శామ్యూల్ గది కిటికీకి చెక్క కొట్టించాడు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేయించాడు. ఏసీ పక్కన సందుల్లో లప్పం కూరాడు. గాలి కాదు, చీమ దూరాలన్నా అతన్ని అడగాలి.

ఆఫీసులో అతని పక్షాన ఉన్నది ఒక్క నాంచారమ్మ గారే. శివరామయ్య గారి తల్లి. మొదటి మిషను వచ్చిన రోజున ఆవిడ దాన్ని వింతగా చూస్తుంటే, "ఇదిగో, ఈ చిల్లుల్లోంచి ఊపిరి పీల్చుకుంటుంది మామ్మగారూ," అని చూపించాడు. అప్పటినుంచి ఆవిడకు ఆ మిషను మీద మనవడి మీద ఉన్నంత ప్రేమ.

లక్ష్మీదేవి పటం ఆ గదిలోనే ఉంది. దీపాల వేళకు ఆవిడ పూజకు వస్తారు. శామ్యూల్ చర్చికి వెళ్ళే మనిషి. పెద్దావిడ పూజ చేసుకుంటుంటే పక్కన నిలబడి చూడటం మర్యాద కాదని వరండాలోకి వెళ్తాడు. అతన్ని ఇబ్బంది పెట్టకూడదని, అతను గడప దాటేదాకా ఆవిడా మొదలుపెట్టరు. ఒక్కనాడూ ఇద్దరిలో ఎవరూ ఆ మర్యాద తప్పలేదు.

కొత్త మిషన్లు వచ్చిన సాయంత్రం ఆవిడ అతని మొహం చూసి ఆగిపోయారు.

"అలా పీక్కుపోయావేంరా సామేలూ?"

చెప్పాడు.

"నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఇన్నాళ్ళూ ఒక్క పూటే చేశాను. ఇకనుంచి నీ మిషన్లకోసం రెండు పూటలా చేస్తాను పూజ."

అతనికి కళ్ళు చెమర్చాయి. ఒక్కటే కోరాడు. గాలి దూరకుండా, లోపలికి వెళ్ళగానే తలుపు గట్టిగా వేసుకోమన్నాడు. ఆవిడ అలాగే వేసుకునేవారు.

నెల తిరిగేసరికి ఒక సర్వరు ఫ్యాను, ఉబ్బసం మనిషి మెట్లెక్కుతున్నట్టు రొప్పడం మొదలెట్టింది. శామ్యూల్ తలుపు కింద వెంట్రుకంత సందు కనిపెట్టి మూశాడు. రెండో ఫ్యానూ రొప్పింది. స్టోరేజి పెట్టె మీద పచ్చ దీపం పసుపు రంగుకు తిరిగింది. మూయడానికి ఇక సందులు లేవు. వరండాలో నిలబడి, సముద్రం వైపు చూస్తూ అతను తన ప్రభువును తలుచుకున్నాడు. మూసిన తలుపు వెనక నాంచారమ్మ గారి గంట మోగుతూనే ఉంది.

ఇందులో కల్పించింది ఆ సైకిలు ముక్క ఒక్కటే. అతను చూపించిన ఆ చిల్లుల దగ్గర నిప్పుల గిన్నె పెట్టి, చంటిబిడ్డకు తలంటి పోశాక పట్టినట్టు, నాంచారమ్మ గారు రెండు పూటలా ఓపిగ్గా సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం అచ్చంగా జరిగింది.