తుమ్మెద ఎవరు?

టక్... టక్ టక్.

స్టూడియో అద్దం తలుపు మీద ఎవరో గోటితో కొట్టారు.

లోపల టేపు ఎక్కిస్తున్న బాబాయికి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటినుంచీ ఇదే గోల. 'తుమ్మెద' అన్న పేరు గాయకుడిదా, అతని బ్యాండ్‌దా అన్నది ఇవాళ ఈ స్టూడియోలో తేలిపోతుందని పేపరువాళ్ళు రాసి పారేశారు. ఇంకేముంది, అభిమానులు బెల్లం చుట్టూ ఈగల్లా మూగారు.

విసురుగా తలుపు తీశాడు. ఎదురుగా ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. అంత ఎండలోనూ మెడకు మఫ్లర్ చుట్టుకుంది.

"ఏం కావాలమ్మా?"

ఆవిడ తన చెవి చూపించింది. లోపలి గదివైపు చూపించింది. ఒక వేలు ఎత్తింది.

"ఒక్కసారి వినాలా? బాగుంది వరస! ఇదేమైనా కచేరీ అనుకున్నావా?"

ఆవిడ మళ్ళీ ఆ ఒక్క వేలే ఎత్తింది.

"ఆ సైగలేమిటమ్మా? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

ఆవిడ నవ్వింది. చప్పుడు లేని నవ్వు. మఫ్లర్ సర్దుకుని మెట్లు దిగిపోయింది.

బాబాయి గడియ పెట్టేశాడు. పాటలవాళ్ళంతా ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. చీమ చిటుక్కుమన్నా పట్టేసే చెవులని ఆయనకు పేరు. అందుకే తగవు ఆయన దగ్గరికి వచ్చింది.

సోఫాకు ఆ చివర గాయకుడు, ఈ చివర డ్రమ్మర్. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. 'రేయ్' అంటే 'రేయ్' అనుకుంటూ పెరిగి, ఇప్పుడు 'గారు' దాకా వచ్చారు. స్నేహితుల మధ్యకు 'గారు' వచ్చిందంటే కొంప మునిగినట్టే.

"జనం 'తుమ్మెదా' అని అరిచేది నన్ను చూసి, డ్రమ్మర్ గారూ."

"పోస్టర్ మీద తుమ్మెద అంటే అందరం, గాయకుడు గారూ. మేం లేకపోతే మీది స్నానాలగది పాటే."

"ఆ పేరు పోతే నేనెవర్ని? ఈ వయసులో మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాలా?"

"మరి మేమెవరం? గాలికి పుట్టామా?"

"ఇక చాలు" అన్నాడు బాబాయి. "నేను ఏం తేల్చినా సరేనని ఇద్దరూ ఒట్టేశారు. ఇది మీ మొదటి పాట అసలు టేపు. మా అన్న చేసిన రికార్డింగు. ఎవరి గొంతు వాళ్ళది, ఏ వాయిద్యం దానిదే, అన్నీ విడివిడిగా ఉంటాయి. ముందు గొంతు ఒక్కటే వేస్తా. తర్వాత వాయిద్యాలు. దేనికి ఒళ్ళు జలదరిస్తే పేరు వాళ్ళది."

ఇద్దరూ తలూపారు.

గాయకుడి గొంతు వేశాడు. మంచి గొంతే. బాగానే పాడాడు. అంతే.

బ్యాండ్ వేశాడు. ఎక్కడా తాళం తప్పలేదు. అదీ అంతే.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మొదట్లో హమ్మింగ్ ఉండాలి కదరా, ఏదీ?" అన్నాడు బాబాయి. "అది వినే కదా జనం మీకు తుమ్మెద అని పేరు పెట్టింది?"



టేపులో ఇంకొక్క గొంతు మిగిలి ఉంది. బాబాయి ఆ మీట పైకి జరిపాడు.

టక్... టక్ టక్.

ఎవరో గోటితో చెక్కమీద తాళం వేసుకున్నారు. ఆ వెంటనే ఒక ఆడగొంతు కూనిరాగం అందుకుంది. మాట లేదు, అర్థం లేదు. ఖాళీ ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టుంది. గాయకుడి చేతిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. డ్రమ్మర్ కళ్ళు మూసుకున్నాడు. బాబాయి మీట కిందికి దించేసినా ఆ రాగం గది వదిలిపోలేదు.

"ఎవరిదిరా ఈ గొంతు?"

"కోరస్‌కి వచ్చిన అమ్మాయిది" అన్నాడు డ్రమ్మర్. "ఆ ఒక్కరోజే వచ్చింది. స్టేజీ మీద కూడా ఆ ముక్క టేపులోంచే వేసేవాళ్ళం."

"పేరు?"

డ్రమ్మర్ గాయకుడివైపు చూశాడు. గాయకుడు నేలవైపు చూశాడు.

"రేయ్... నీకూ తెలీదా?" అన్నాడు డ్రమ్మర్.

పేరు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్న ఇద్దరికీ ఆ అమ్మాయి పేరు తెలీదు.

బాబాయి టేపు వెనక్కి తిప్పి, మీట మళ్ళీ పైకి జరిపాడు. మళ్ళీ అదే గోటి చప్పుడు. ఈసారి ఆయనకు చెమట పట్టింది. కుర్చీ తోసుకుని లేచి, టేపు ఆపడం కూడా మరిచి, తలుపు బార్లా తీసి బయటికి పరిగెత్తాడు.

"ఇందాక మఫ్లర్ చుట్టుకున్నావిడ ఏదయ్యా?"

"ఆ మూగావిడాండీ?" అన్నాడు మెట్ల మీదున్న అభిమాని. "ఇప్పటిదాకా ఈ గోడకు చెవి ఆనించి నిలబడిందండీ. స్టూడియో గోడల్లోంచి ఏమీ వినపడదమ్మా, ఎంతసేపు నిలబడతావని మేమే నచ్చజెప్పి పంపించేశాం."

"ఎటెళ్ళింది?"

"చూళ్ళేదండీ."

వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎక్కడా ఆవిడ లేదు.

వెనకాలే డ్రమ్మర్ వచ్చాడు. "ఆ అమ్మాయి గొంతుకి ఆపరేషన్ అయిందని, మాట పోయిందని మీ అన్నగారు ఒకసారి చెప్పారు బాబాయ్. వెళ్ళి చూసొద్దాం అనుకున్నాం. అనుకుంటూనే ఉండిపోయాం."

తెరిచిన తలుపులోంచి కూనిరాగం వీధిలోకి వచ్చింది. అభిమానులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని ఇందాక గుమ్మంలోంచే బాబాయి దెప్పి పంపేసింది తుమ్మెదనే.