బొమ్మ రాని కల

“ఒసేయ్ కుమారీ, అమ్మ ముఖం పోయిందే!”

రాజమండ్రిలో తన ఎస్టీడీ బూత్‌లో కూర్చుని జీవరాజు ఫోన్లో పెట్టిన కేకకి, గుమ్మం దగ్గర సోడా తాగుతున్న పక్క కొట్టు కుర్రాడు సాల్మన్‌కి పొలమారింది. అటు తణుకులో, పక్కింటివాళ్ళ ఫోన్ దగ్గరికి పరుగెత్తుకొచ్చిన చెల్లెలు దేవకుమారి ఇంకా రొప్పుతూనే ఉంది.

“పోవడమేంటన్నయ్యా? సరిగ్గా చెప్పు.”

“కల్లోకొచ్చిందే. గోదారి రైలు బ్రిడ్జి మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చేసింది. వెనకాల కేరేజీ మీద ఏనుగంత పనసకాయ! బెల్లు వినబడింది, పనస వాసనొచ్చింది, ‘రాజూ’ అని పిలిచింది కూడానూ. తీరా చూస్తే ముఖం లేదు. టీవీలో బొమ్మ పోయి మాటొక్కటే వస్తుంది చూడు, అలాగ.”

సాల్మన్ లోపలికి తొంగిచూశాడు. “చూపు లేనోళ్ళకి కల్లో బొమ్మలు కూడా వస్తాయేంటండీ?”

“తొమ్మిదేళ్ళొచ్చేదాకా చూసిన సరుకుంది కదరా! ముప్పై ఏళ్ళు దాంతోనే నెట్టుకొచ్చాను. ముందు రంగులు పోయాయి. తర్వాత ఊరు పోయింది. అమ్మనొక్కదాన్నీ గట్టిగా పట్టుకున్నాను.”

నవ్వుతూనే అన్నాడు గానీ, రిసీవర్లోనే ముక్కు ఎగబీల్చాడు.

చిన్నప్పుడు అమ్మ కలలోకి వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో పండగే. నోట్లో పళ్ళపొడి ఉండగానే జీవరాజు మొదలుపెట్టేవాడు. అమ్మ ఓ రోజు లాంచీ నడిపేది, ఓ రోజు కొబ్బరిచెట్టెక్కి చందమామకి సున్నం వేసేది. కల పూర్తయ్యేదాకా చెల్లెలు గంజి ముట్టేది కాదు. ‘నవ్విందా? ఎలా నవ్వింది?’ అని ప్రాణం తీసేది.

“అన్నయ్యా, ఏడవకు. కళ్ళు మూసుకో.”

“మూసినా తెరిచినా నాకొకటేనే పిచ్చిమొహమా. నువ్వు చెప్పు.”

“కోలముఖం. ఎడమ కనుబొమ్మ కింద కందిగింజంత మచ్చ.”

“ఎడమేనా?”

“నాకు తెలీదా ఏంటి! ముందు పన్నొకటి పక్కదాని మీదికెక్కి ఉంటుంది. అది కనబడకూడదని, నవ్వొస్తే పైట అడ్డం పెట్టేసుకుంటుంది. పాపిట కొంచెం వంకర. చర్చికెళ్ళేటప్పుడు కూడా దువ్వెన ముట్టదు, తడిచేత్తోనే సర్దేసుకుంటుంది.”

జీవరాజు వేళ్ళు గాలిలోనే ఆ వంకర పాపిటని తడిమాయి. ఉన్నట్టుండి మొహం విప్పారింది.

“వచ్చేసిందే! పైట అడ్డం పెట్టుకుందే! అదిగో, పన్ను కూడా కనబడిపోయింది!”

అటువైపు దేవకుమారి నవ్వుతూ ముక్కు చీదింది.

“ఎంతైనా కళ్ళున్నోళ్ళ జ్ఞాపకమే వేరండీ,” అన్నాడు సాల్మన్.

“అవున్రా. నేను పారేసుకున్నా, అది జాగర్తగా దాచింది,” అన్నాడు జీవరాజు.

దేవకుమారి పుట్టిన గంటకే అమ్మ చనిపోయింది.