చుక్కలమ్మకు దక్కిన జొన్నల గాదె

పశువుల కొట్టం మూల, గంపలో గుడ్లు పొదుగుతూ ఒక పెట్ట ఉండేది. ఒంటినిండా ముచ్చటైన చుక్కలున్నా, ఆ దొడ్లో దాన్ని పేరు పెట్టి పిలిచిన ప్రాణి లేదు. ఎదురొస్తే అందరూ "హుష్" అనేవాళ్లే.

ఒకనాడు కాకి వచ్చి గంప అంచున వాలింది.

"చుక్కలమ్మా! ఏటి అవతల ముసలి నెమలి పోయింది. దానికి నా అన్నవాళ్లు లేరు. తన జొన్నల గాదె నీలాంటి మంచిదానికే దక్కాలని చెప్పి పోయింది. కాపలా ముంగిసకు ఒక్క గుడ్డు ఇస్తే తలుపు తీస్తుంది."

పెట్ట ఇచ్చింది. మర్నాడు జొన్నలు మోసే ఎలుకలకు కూలి కావాలంది కాకి. ఇంకోటి ఇచ్చింది. తర్వాత ఏరు దాటించే తాబేలుకట.

ఇదంతా చూస్తున్న దొడ్లోని బాతు ఉండబట్టలేకపోయింది. "నీకేమన్నా పిచ్చా అక్కా? ఇన్ని పక్షులుండగా ఆ నెమలికి నువ్వే దొరికావా?"

పెట్ట మొహం మాడిపోయింది. "ఏం, నేనెందుకు కాకూడదు? నువ్వు ఒక్కనాడైనా నన్ను చుక్కలమ్మా అని పిలిచావా?"

బాతు తల దించుకుని అవతలికి నడిచింది.

గంపలో ఒక్క గుడ్డు మిగిలాక కాకి మళ్లీ వాలింది. దాని ముక్కుకు పచ్చసొన ఇంకా తడిగా అంటుకుని ఉంది. పెట్ట దాన్ని చాలాసేపు చూసింది. కళ్లకు కనిపిస్తున్నది ఒప్పుకుంటే, ఇచ్చిన గుడ్లన్నీ కాకి కడుపులోకే పోయినట్టు. దానికంటే జొన్నల్ని నమ్మడమే తేలిక.

రెక్కతో కాకి ముక్కు తుడిచింది. "నాకోసం ఎంత తిరుగుతున్నావో పాపం" అంటూ, వెచ్చగా ఉన్న ఆఖరి గుడ్డును ముందుకు తోసింది.